ఆగమన్న కుర్చీ

సరస్సు మీద మంచు పగులుతోంది.

పొడుగాటి చప్పుడు — లోపల్నుంచి, ముసలాయన గొంతు సవరించుకున్నట్టు.

రేవ్‌నెస్ భవంతిలో చెంచాలన్నీ ఆగిపోయాయి.

ఆ ఇంట్లో ఓ పద్ధతుంది. ఇంటిపెద్ద గ్లాసెత్తి "స్కోల్" అని తాగడానికి సెలవిచ్చేదాకా ఎవరి గ్లాసూ పెదవికి తాకకూడదు. కౌంట్ రూట్గెర్ గ్లాసెత్తేవాడు. ఆగండి, అనేవాడు. ఇక మొదలుపెట్టేవాడు... పంటల గురించి, రాజుగారి గురించి, ఎక్కువగా తన గురించి. చారు చల్లారిపోయేది.

రెండేళ్ళ కిందట ఓ గురువారం, బఠాణీ చారు ముందు, వెచ్చటి తీపి సారా పోసిన గ్లాసెత్తాడు. ఆగండి, అన్నాడు.

అలాగే పక్కకి ఒరిగిపోయాడు.

స్కోల్ అననే లేదు.

అందుకని ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ సారా తాగలేదు.

రోజూ పోస్తారు. రోజూ ఎదురుచూస్తారు. ఖాళీ కుర్చీలోంచి గొంతొస్తుంది — ఆగండి. పోసింది పోసినట్టే పందుల తొట్టిలోకి పోతుంది. దొరవారి పందులకున్న భోగం మనకి లేదురా అని ఊళ్ళో నవ్వుకుంటారు.

నవ్వుకోవచ్చు. కానీ ఆగడం గ్లాసుతో సరిపోలేదు. కొడుకు క్లాస్ పెళ్ళి ఆగింది. ఇంటికప్పు మరమ్మతు ఆగింది. కూతురు హెడ్విగ్‌కి మాత్రం ఆగడం ఎంతకీ ఒంటబట్టలేదు.

ఇవాళ పొద్దున కౌలురైతు పేర్ వంటింటి గుమ్మంలో టోపీ నలుపుతూ నిలబడ్డాడు. సరస్సు గట్టు ఉబ్బిందట. మంచు ఈ జోరున కరిగితే సాయంత్రందాకా నిలవదట. దిగువన ఇళ్ళున్నాయి, గొడ్లున్నాయి, ఊయల్లో పిల్లలున్నారు. భవంతి వైపు తూము ఎత్తితే నీళ్ళు దొరవారి తోటలోకి మళ్ళుతాయి. ఆ తూము ముట్టుకోకూడదని పెద్దాయన ఆజ్ఞ.

ఆయన సమాధి కూడా ఆ తోటలోనే.

భోజనాల దగ్గర హెడ్విగ్ తూము ఎత్తుదామంది.

ఆగండి — అంది కుర్చీ.

"విన్నావుగా," అన్నాడు క్లాస్, చారులోకే చూస్తూ. "నాన్నగారి సమాధి మునుగుతుందే."

"మునగనీరా. ఆయనకి ఈతొచ్చుగా."

లేచింది. కుర్చీ పక్కన నిలబడి గ్లాసెత్తింది. ఆ ఇంట్లో ఆడది ముందు గ్లాసెత్తడం ఏనాడూ లేదు.

ఆగండి.

చెయ్యి దించలేదు.

ఆగండి... ఆగండి...

"స్కోల్," అంది హెడ్విగ్. గుటుక్కున తాగేసింది.

తల్లి ఉల్రికా కాసేపు కుర్చీకేసి చూసింది. తర్వాత తన గ్లాసు తీసుకుని మెల్లగా, చివరి బొట్టుదాకా తాగింది.

"ఇంత తియ్యగా ఉంటుందని మర్చేపోయానే," అంది. "పో. చీకటి పడకముందే పో."

తూము చక్రం తుప్పు పట్టింది. హెడ్విగ్ ఓ పక్క, పేర్ ఓ పక్క. క్లాస్ కోటైనా వేసుకోకుండా వచ్చాడు — కాస్త దూరంలో నిలబడిపోయాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు.

చక్రం కదిలింది. మట్టిరంగు నీళ్ళు, మంచుపెళ్ళలు, తోట గడ్డి మీదికి పాకుతున్నాయి. సమాధిరాయి చుట్టూ తడి. అటు గట్టు ఇంకా వణుకుతూనే ఉంది.

పొడుగాటి చప్పుడు. లోపల్నుంచి.

మంచో... గట్టో... ఆయనో.

హెడ్విగ్ తల తిప్పలేదు. చక్రానికి భుజం ఆనించి, ఇంకో చుట్టు తిప్పింది.