పదకొండు వరుసలు

మా సిగ్నెట్ ఊళ్ళో శనివారం తొమ్మిదింటికల్లా పాత యాపిల్ షెడ్డులో టీకి నీళ్ళు పెడతారు. అవి మరిగేలోపు వచ్చినవాళ్ళు తమ తమ చేతి కంప్యూటర్లు బల్ల మీద పెట్టుకుంటారు. ఒకే పచ్చ పలక, చిన్న తెర, నాలుగు మీటలు, బుల్లి రేడియో. అంతా కలిపి అరచేతిలో పడుతుంది. అందులో నడిచేదంతా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. ఒక్కటే కట్టుబాటు: బాగుచేసినవాళ్ళు ఆ మార్పును మళ్ళీ అందరికీ ఇవ్వాలి. ఏటా ఆగస్టులో యాపిల్ అంటుకొమ్మలు పంచుకునే ఊరు కాబట్టి ఈ పద్ధతి మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఎవరు రాసిన ప్రోగ్రాం ఎంతమందికి పనికొస్తే, వాళ్ళ కంప్యూటరు గాలిలో అంత పైకి తేలుతుంది. మెరిన్ టల్లీది భుజమెత్తున తేలేది. ఎగిరిపోకుండా గాలపు దారంతో కుర్చీకాలికి కట్టుకునేది. ఆమె రాసిన పడవదారి ప్రోగ్రాం హ్యూవాన్ నది మీద పడవ ఉన్న ప్రతివాళ్ళ దగ్గరా ఉంది. వెర్న్ పాస్కోది బిస్కెట్టు మందం లేచేది, అదీ ఎండ బాగా కాసిన రోజున.

వెర్న్ నలభై ఏళ్ళు కోల్డ్‌స్టోరేజీ మెకానిక్కుగా చేశాడు. మెరిన్ స్కూలు బస్సు తోలింది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా అతనికి కడుపు రగిలిపోయేది.

"బస్సు తోలినావిడకి ఇంత పేరా?" అనేవాడు పెళ్ళాం డాట్‌తో.

"ఆ దారం వైపు అలా చూడకు, తెగేట్టుంది," అనేదామె.

మార్చిలో వెర్న్‌కి మెరిన్ ప్రోగ్రాంలో ఒక తప్పు దొరికింది. చలికి బ్యాటరీ నీరసిస్తే తెర మీద పడవ ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తుంది. అసలు పడవ మాత్రం ఆటుపోట్లకి కొట్టుకుపోతూ ఉంటుంది. పదకొండు వరుసల కోడు రాసి సరిచేశాడు. సరిచేసి, ఎవరికీ ఇవ్వలేదు. ఆగస్టులో కొమ్మలు పంచుకునే రోజున, ఊరంతా ఉండగా రెండు కంప్యూటర్లూ పక్కపక్కన పెట్టి మెరిన్ మొహం చూడాలని అతని ఆశ.

ఆ వరుసలు దాచిన దగ్గర్నుంచి అతని కంప్యూటరు బరువెక్కసాగింది. ఏప్రిల్‌లో కోటు జేబు చిరిగింది. జూన్‌లో వంటింటి బల్ల కాలు విరిగింది.

"నేల మీద పెట్టుకో. ఇంకో బల్ల లేదు," అంది డాట్.

జూలైకి తోట పని తోపుడుబండిలో వేసి షెడ్డుకు తోసుకొస్తున్నాడు.

మా దగ్గర జూలై అంటే నడిచలికాలం. ఆ శనివారం పొగమంచు దట్టంగా పట్టింది. మెరిన్ కుర్చీ ఖాళీగా ఉంది. వెర్న్‌కి టీ భలే రుచిగా అనిపించింది. పదిన్నరకి డాట్ రొప్పుతూ వచ్చింది.

"మెరిన్ ఏడింటికే పడవలో చేపలకి వెళ్ళిందట. ఇంకా రాలేదు. ఫోను కలవట్లేదు."

"ఆవిడ ప్రోగ్రాం ఆవిడ దగ్గరుందిగా, అదే తీసుకొస్తుంది," అన్నారెవరో కేకు నములుతూ.

వెర్న్ కప్పు కింద పెట్టేశాడు. మూడున్నర గంటల చలి. తెర ఈపాటికి నిలిచిపోయి ఉంటుంది. అది చూపిందే నమ్మి ఆవిడ సముద్రం వైపు తెడ్డు వేస్తూ ఉంటుంది.

"అది తప్పు చూపిస్తుంది," అన్నాడు.

"నీకెలా తెలుసు?" అంది డాట్. వెంటనే ఆమె కళ్ళు తోపుడుబండి మీద పడ్డాయి. "అయ్యో వెర్న్!"

అతను బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మార్పును రేడియోలో పంపేముందు తెర మీద పేరూ, చేసిన తేదీ వచ్చాయి. వెర్న్ పాస్కో, మార్చి 9. ఆ తేదీని ఇవాళ్టిదిగా మార్చడం చిటికెలో పని. ఇప్పుడే కనిపెట్టానని చెప్పుకోవచ్చు. బొటనవేలు అక్కడే ఆగింది.

"ఏం చూస్తున్నావు? నొక్కు!"

నొక్కాడు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ముందు ఆ మార్పును తీసుకున్నారు, తర్వాత రేవులో వాళ్ళు. బండి కిర్రుమంది. కంప్యూటరు మెల్లగా లేచింది. డాట్ మెరిన్ కుర్చీకాలి దారం విప్పి దానికి కట్టింది. వెర్న్ దాన్ని బయటికి తీసుకొచ్చి దారపు చుట్ట వదిలాడు. అది షెడ్డు కప్పు దాటింది, చెట్లు దాటింది, నది మలుపుకి అడ్డంగా ఉన్న గుట్ట ఎత్తును కూడా దాటింది. కిందనుంచి అయితే ఆ రేడియో గుట్టవతలికి వినబడదు. అంత ఎత్తునుంచి ఎందుకు వినబడదు?

పన్నెండింటికి మెరిన్ మోకాళ్ళదాకా తడిసి వచ్చింది.

"తెర మీద పడవ ఒక్కసారి గంతేసింది. ఇంటికొస్తున్నాననుకుంటున్నా. చూస్తే పడవ ముక్కు సముద్రం వైపుంది," అంది. తర్వాత వెర్న్ వైపు తిరిగింది. "కింద నీ పేరు పడింది. మార్చి తొమ్మిది."



"నువ్వంటే ఈర్ష్య మెరిన్, అందుకే దాచాను," అన్నాడు వెర్న్.

"అది నాకు తెలియదా? బండి తోసుకొస్తుంటే ఊరంతా చూసింది. నా ప్రాణం మీదికొస్తుందని మాత్రం అనుకోలేదు." కుర్చీ లాక్కుని కూర్చుంది. "నీ పేరు ప్రోగ్రాంలో పైన పెడతాను. తేదీతో సహా."

వెర్న్ కంప్యూటరు ఇప్పటికీ గుట్ట మీదే తేలుతోంది. మెరిన్‌ది దాని దరిదాపుల్లో లేదు. కొత్తగా పడవ కొన్నవాళ్ళు తల పైకెత్తి దాన్ని చూస్తారు, తెర మీద పేరూ, తేదీలూ చదువుతారు, షెడ్డుకొచ్చి అడుగుతారు: "మార్చిలో చేసింది జూలైలో ఇచ్చారేం?"

వెర్న్ కెటిల్ పక్కన పెట్టి, ప్రతిసారీ మొదట్నుంచీ చెబుతాడు.