అంగుళం తెగిన టేపు

నేను ఒక టైలరు టేపును. పుట్టినప్పుడు అరవై అంగుళాలు, ఇప్పుడు యాభై తొమ్మిది. ఆ ఒక్క అంగుళం ఎలా పోయిందో తర్వాత చెబుతాను. ప్రస్తుతం నరసరావుపేటలో ఒక రేకు డబ్బాలో హుక్కులు, బొత్తాలు, వంగిపోయిన సూదుల మధ్య ఉంటున్నాను. పనేమీ లేదు. లేకపోవడమే హాయిగా ఉంది. అలిసిపోయానంటే మీరు నవ్వుతారని తెలుసు, గుడ్డపట్టీకి అలుపేమిటి అంటారు. ముప్పై ఏళ్ళు ఇద్దరి మెడల్లో చెమటకు నాని, ఊళ్ళో వాళ్ళందరి నడుముల చుట్టూ తిరిగి రండి, అప్పుడు మాట్లాడుకుందాం.

నన్ను ఏ ఊరి ఫ్యాక్టరీలో చేశారో నాకు గుర్తు లేదు. తెల్లటి పొడుగు చుట్ట మీద ఒకవైపు అంగుళాలు, రెండోవైపు సెంటీమీటర్లు అచ్చొత్తారు. రెండు చివర్లా ఇత్తడి బిళ్ళలు బిగించి డజన్ల లెక్కన కట్టలు కట్టారు. గుంటూరులో ఒక కొట్టు నుంచి పెదమస్తాన్ మాస్టరు నన్ను కొనుక్కొచ్చాడు. జాకెట్లు కుట్టడంలో ఆయన దిట్ట. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఒకటే, మనుషులకు తమ కొలత నచ్చదు. నడుము కొలిచేటప్పుడు ఆడవాళ్ళు ఊపిరి బిగబడతారు. ఛాతీ కొలిచేటప్పుడు మగవాళ్ళు ఊపిరి నింపుకుంటారు. బట్టలు తీసుకెళ్ళిన మర్నాడే తిరిగొచ్చి, కొలత సరిగ్గా తియ్యలేదని ఇద్దరూ పోట్లాడతారు. చివరికి తప్పంతా నాదవుతుంది.

కళ్ళు మసకబారాక మాస్టరు తన మిషనునూ నన్నూ మేనల్లుడు నాగూర్‌వలికి ఇచ్చేశాడు. వలి మంచివాడు, నెమ్మదస్తుడు, ఎవరికీ కాదని చెప్పలేనివాడు. కాదని చెప్పలేని టైలరు బతుకు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఒక మాఘమాసం పెళ్ళిళ్ళ రోజుల్లో, ఎవరో పెళ్ళికూతురి జాకెట్టు కత్తిరిస్తూ మిట్టమధ్యాహ్నం కునికిపాటు పడ్డాడు. పట్టుగుడ్డ మీద నేనున్నాను. సరిగ్గా ఒకటో అంకె గీత దగ్గర కత్తెర పడింది. ఇత్తడి బిళ్ళతో సహా నా మొదటి అంగుళం నేలరాలింది. పట్టుగుడ్డకు ఏమీ కానందుకు వలి దేవుడికి మొక్కుకున్నాడు. నా గురించి ఎవరూ మొక్కుకోలేదు.

కొత్త టేపు కొనుక్కోవచ్చు. కొనలేదు. మామయ్య చేతి టేపు, అచ్చొచ్చిందన్నాడు. అప్పట్నుంచి నేను పదిహేను చూపిస్తే ఆయన పద్నాలుగు రాసుకునేవాడు. ముప్పై ఆరు చూపిస్తే ముప్పై అయిదు. ఎన్ని వేల ఒళ్ళు కొలిచాడో, ఆ అంగుళం తీసెయ్యడం ఒక్కసారి కూడా మర్చిపోలేదు. పక్కన కూర్చుని కాజాలు కుట్టే ఆయన భార్య హుస్సేన్‌బీ, “కొత్తది కొనుక్కుంటే నీ సొమ్మేం పోద్దయ్యా?” అని దెప్పుతూనే ఉండేది.

వాళ్ళకు ఒక్కతే కూతురు, మెహరు. ఆ పిల్లకు ఏడేళ్ళప్పుడు అనసూయ టీచరు ఆది జాకెట్టు తెచ్చిన సంచిలో ఒక రంగుల కాగితం వచ్చింది. హైదరాబాదు అవతల ఒక పెద్ద వినోదాల పార్కు బొమ్మలు అందులో ఉన్నాయి. నీళ్ళ జారుడుబండలు, కొలనులు, లోపలే బస చెయ్యడానికి హోటలు. అన్నిటికంటే పైన, ఎర్రటి పట్టాల మీద తలకిందులైపోతున్న రోలర్ కోస్టర్. దాని కింద చిన్న అక్షరాల్లో, ఎక్కేవాళ్ళ ఎత్తు నూట నలభై సెంటీమీటర్లు ఉండాలని రాసి ఉంది.

“నాన్నా, ఇక్కడికి పోదామా?” అంది మెహరు.

వలి మిషను ఆపలేదు. కాగితం వైపు ఓ చూపు చూసి, “ఎందుకు పోమమ్మా? నూట నలభై ఉండాలంట చూడు. నువ్వంత ఎత్తయిన రోజు పోదాం” అన్నాడు.

ఆ షరతు ఒక్క రోలర్ కోస్టర్‌కే. మిగతావాటికి లేదు. ఆ సంగతి ఆయన చదివాడు, నేనూ చూశాను. కానీ ఆయనకు అప్పటికి ఏదో ఒక అడ్డం కావాలి. ఊరంతటికీ సెలవులొస్తే టైలరుకి పని నెత్తి మీదికొస్తుంది. ఎండాకాలం పెళ్ళిళ్ళు, జూన్‌లో స్కూలు యూనిఫారాలు, ఆ తర్వాత రంజాను, దసరా, ఒకదాని వెనక ఒకటి. పెళ్ళిళ్ళుండని ఆషాఢమొక్కటే ఊపిరి తీసుకునే నెల. ఆ నెల్లో పాత బాకీ పనులు ముందేసుకుని కూర్చునేవాడు, లేదంటే జ్వరం తెచ్చుకునేవాడు.

నెలనెలా ఒకటో తారీఖున షాపు తలుపు చట్రానికి ఆనించి కూతురి ఎత్తు కొలిచేవాడు. పైకే చదివేవాడు. “నూట ఇరవై రెండు. తీసెయ్యి రెండున్నర. నూట పందొమ్మిదిన్నర.” మెహరు మొహం కాస్త చిన్నబుచ్చుకునేది. మళ్ళీ నెల తిరిగేది. అలా నాలుగేళ్ళు గడిచాయి. అంత ఆశగా నా అంకెల వైపు చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఆ పిల్ల కోసం సాగగలిగితే సాగేదాన్ని, నిజంగా.

ఆ ఏడు జూన్ ఆఖరికి వలి ఒళ్ళు హూనమైపోయింది. మూడు స్కూళ్ళ యూనిఫారాలు ఒకేసారి ఒప్పుకున్నాడు. కళ్ళ కింద నల్లటి చారలు. అన్నం మిషను మీదే. ఒకటో తారీఖు వచ్చిందని మెహరు గుర్తు చేస్తే, “నువ్వే కొలుచుకోమ్మా” అని నన్ను మెడలోంచి తీసి ఇచ్చాడు. పదకొండేళ్ళ పిల్ల. తెగిన నా చివరను మడమతో తొక్కిపెట్టి, చట్రానికి ఆనుకుని, తల దగ్గర బొటనవేలు పెట్టి ఇవతలికి వచ్చింది.

“నాన్నా! నూట నలభై!”

వలి లాగుల గుట్ట మీంచి తల తిప్పి చూశాడు. బొటనవేలు నిజంగానే నూట నలభై మీద ఉంది. “వచ్చేసిందే!” అన్నాడు.

తీసెయ్యి రెండున్నర అనే మాట కోసం నేను ఎదురుచూశాను. రాలేదు. ఊళ్ళో ప్రతి ఒంటికీ తీసేసిన ఆ అంగుళం కన్నకూతురి దగ్గర ఆయనకు గుర్తు రాలేదు. నిజం నాకొక్కదానికే తెలుసనుకున్నాను. బరువుగా అనిపించింది. నోరుంటే ఆ పూటే చెప్పేసేదాన్నేమో.

ఇక ప్రయాణం ఏర్పాట్లు మొదలయ్యాయి. జాకెట్ల నమూనాలు గీసే ఖాకీ కాగితం పరిచి, సుద్దబిళ్ళతో వలి పార్కు మొత్తం గీశాడు. జాకెట్టు గీసినంత శ్రద్ధగా గీశాడు. ఎడమ పక్క కొలనులు, కుడి పక్క హోటలు, నడుమ ఎర్ర పట్టాలు. గేటు తీయగానే ముందు రోలర్ కోస్టర్ దగ్గరికి, ఎందుకంటే తర్వాత జనం పెరుగుతారని టీచరు చెప్పింది. తర్వాత నీళ్ళు. ఆ పూట హోటల్లో బస, మర్నాడు మిగిలినవి. ఏళ్ళ తరబడి వాయిదా వేసిన మనిషి, ఒక్కసారి మొదలుపెట్టాక పిల్లకంటే ఎక్కువ సంబరపడ్డాడు.

హుస్సేన్‌బీ బెంగలు వేరు. “బయట తిండి లోపలికి రానివ్వరంటగా. మరి నేను చేసే చపాతీలు?”

“గేటు బయటే తినేసి పోదాం.”

“దొడ్లో కోళ్ళకి మేతెవరేస్తారు?”

“పక్కింటి కోటమ్మకి చెబుదాం.”

అన్నిటికీ జవాబు దొరికింది కానీ నీళ్ళలోకి దిగేవాళ్ళు నైలాన్ బట్టలే వేసుకోవాలన్న నియమం దగ్గర పెద్ద చర్చ జరిగింది. అక్కడ అద్దెకిస్తారట. వలికి పౌరుషం వచ్చింది.

“టైలరు ఇంట్లోవాళ్ళం అద్దె బట్టలు కట్టుకుంటామా?”

“మనం టైలర్లమని అక్కడెవరికి తెలుసు?” అంది హుస్సేన్‌బీ.

“నాకు తెలుసు” అన్నాడు.

అలా నీలం నైలాన్ గుడ్డ వచ్చింది. పెళ్ళయి పదమూడేళ్ళయినా హుస్సేన్‌బీ నడుము చుట్టూ నేను తిరగడం అదే మొదలు. ఇన్నాళ్ళూ పాత జాకెట్టే ఆది. ఆవిడ కూడా ఊపిరి బిగబట్టింది, నాకు నవ్వొచ్చింది. “ముప్పై నాలుగు. తీసెయ్యి ఒకటి. ముప్పై మూడు” అన్నాడు వలి. ఇప్పుడు గుర్తొస్తుంది, కూతురి సంగతి ఇప్పుడు గుర్తొస్తుంది అనుకున్నాను. ఆయన సుద్దబిళ్ళ కోసం వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. మెహరు మాత్రం నన్ను చటుక్కున తీసుకుని చుట్ట చుట్టేసింది.

నాలుగు రోజుల్లో ప్రయాణమనగా ఒకావిడ శ్రావణంలో కూతురి పెళ్ళని చెప్పి ఆరు జాకెట్ల గుడ్డలు తెచ్చింది. వలి ఎప్పటిలాగే కాదనలేక గుడ్డలు అందుకున్నాడు. ఆవిడ వెళ్ళాక తల గోక్కుంటూ, “ఒక్క వారం ఆగి పోతే...” అన్నాడు. హుస్సేన్‌బీ కాజా కుట్టడం ఆపింది. మెహరు లేచి వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది.

“నూట నలభై అయితే పోదామన్నావు. అయ్యాను గదా?”

వలి ఆ గుడ్డలు మడిచి బీరువాలో పెట్టేశాడు. నేను సిగ్గుతో కుంచించుకుపోయాను. నా అబద్ధం మీద ఒక మనిషి మాట నిలబెట్టుకుంటున్నాడు. పార్కులో ఆ పట్టాల దగ్గర ఏం జరుగుతుందో తలుచుకుంటే భయమేసింది.

బయల్దేరే రోజు పొద్దున్నే ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అలవాటుకొద్దీ మేకు మీంచి నన్ను తీసి మెడలో వేసుకున్నాడు. బస్సు సగం దారికొచ్చాక హుస్సేన్‌బీ చూసి తల పట్టుకుంది. “ఏం మనిషివయ్యా! అక్కడెవరికి జాకెట్టు కుడతావు?” బస్సులో నలుగురూ నవ్వారు. ఉండనియ్యిలే అన్నాడు వలి.

ఆ రాత్రి హైదరాబాదులో ఆగి, మర్నాడు పార్కు గేటు బయట చపాతీలు తిని, లోపలికి వెళ్ళారు. ఖాకీ కాగితంలో గీసిన దారినే నడిచారు. ఎర్ర పట్టాల కింద వరసలో నిలబడ్డారు. పైన జనం కేకలు వేస్తున్నారు. వరస చివర యూనిఫారం వేసుకున్న ఒకమ్మాయి, పక్కన రంగులేసిన కొలత కర్ర.

“పాపని ఇక్కడ నిలబెట్టండి సార్.”

మెహరు నిలబడింది. గీతకూ తలకూ మధ్య రెండు వేళ్ళ సందు.

“కొంచెం తగ్గింది సార్. ఎక్కనివ్వం.”

“తగ్గేదేందమ్మా? ఇంట్లో కొలిచే తీసుకొచ్చా” అన్నాడు వలి. గబుక్కున నన్ను మెడలోంచి లాగి, నా చివర నేలకు ఆనించి కూతురి పక్కన నిలువుగా పట్టాడు. “చూడు. నూట నలభై.”

ఆ అమ్మాయి వంగి నా కింది కొసను వేళ్ళతో పట్టుకుంది. “సార్, మీ టేపులో ఒకటి దాకా ముక్క లేదు. చూసుకోండి.” వెనక వరసలో ఎవరో నవ్వారు.

వలి చూశాడు. ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్న నా తెగిన చివరను కొత్తగా చూసినట్టు చూశాడు. ముగ్గురూ వరసలోంచి తప్పుకుని ఇవతలికి వచ్చారు.

“ఊరందరికీ తీసేశానే” అన్నాడు. “నీకే తియ్యలేదే తల్లీ.”

“నాకు తెలుసు నాన్నా” అంది మెహరు.

“తెలుసా?”

“నువ్వు రోజూ అంటా ఉంటే వింటా గదా. రెండున్నర తీసెయ్యాలని నాకు తెలవదా?”

“మరి చెప్పలేదేం?”

“చెబితే నువ్వు రావు గదా.” ఆ పిల్ల నేల చూపులు చూస్తూ కాలి బొటనవేలితో గచ్చు మీద గీసింది. “అసలు అది ఎక్కాలంటే నాకు భయం నాన్నా. నువ్వు మిషను దిగుతావని అట్టా చెప్పా.”

ముప్పై ఏళ్ళలో నాకంటూ ఒక్క రహస్యం ఉందనుకున్నాను, అదీ నాది కాకుండా పోయింది. హుస్సేన్‌బీ కొంగుతో మొహం తుడుచుకుంది. వలి కూతురి తల మీద చెయ్యి వేశాడు. తర్వాత నన్ను ఆ పిల్ల చేతికిచ్చి, “పద, తర్వాతేంటో చూద్దాం” అన్నాడు.

నీళ్ళ దగ్గర నీడలో ఒక పొడుగాటి బల్ల దొరికింది. హుస్సేన్‌బీ సంచి విప్పి, నీలం బట్టలు బయట పెట్టి, అడుగున ఉన్న ఖాకీ కాగితం కోసం వెతకసాగింది. కాగితం దొరికేసరికి వలి బల్లకు చేరగిలబడి నిద్రపోయాడు. చుట్టూ పిల్లల అరుపులు, మైకుల్లో పాటలు, పైనుంచి కిందికి దూకే నీళ్ళ హోరు. ఆయనకేమీ వినపడటం లేదు. నోరు కొంచెం తెరుచుకుంది. కుడి పాదం మాత్రం చెప్పులో పైకీ కిందికీ ఆడుతూనే ఉంది, మిషను తొక్కుతున్నట్టే.

“ఇంత దూరమొచ్చి నిద్రేంది, లేపుతానుండు” అంది హుస్సేన్‌బీ.

“వద్దమ్మా, లేపబాక” అంది మెహరు.

నన్ను ఒడిలో పెట్టుకుని తండ్రి పక్కనే కూర్చుంది. ఆడుతున్న ఆయన మోకాలి మీద మెల్లగా చెయ్యి వేసింది. నీళ్ళ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చాలాసేపటికి ఆ పాదం ఆగింది.