ఎదుటి కుర్చీ ముందు మరక

రైల్వే స్టేషన్ వెయిటింగ్ హాల్లో తమ ఇంటి టేకు బల్ల ఎందుకుందని నాగరత్నం ఎవరినీ అడగదు, ఎందుకంటే ఆ బల్లమీదికి వంగి ఉప్పు కాగితంతో రుద్దుతున్నది పోయిన నెల చనిపోయిన ఆమె భర్త పరాంకుశం. నేలమీద చీలమండల దాకా నీళ్ళున్నాయి, ఆమె నడిచి వస్తుంటే హాలు కాసేపు వాళ్ళ వరండా అవుతుంది, మళ్ళీ హాలవుతుంది, బల్ల మాత్రం కదలదు.

ఆయన రుద్దుతున్నది ఏ మరకో ఆమె దూరం నుంచే పోల్చుకుంటుంది. ఆయన కుర్చీ ముందు ఒక గ్లాసు మరక ఉంది, దాని సంగతి ఆమెకు తెలుసు. ఇది రెండోది, ఎదుటి కుర్చీ ముందుది. బల్లమీద ఆయన పరిచి ఉంచే పాత పేపర్లు కర్మలయ్యాక తీస్తే బయటపడింది. ఒకనాటి తడికి తెల్ల మరక పడుతుందనీ, నల్లబడిందంటే రోజూ అక్కడ తడి గ్లాసు పెట్టి ఉంటారనీ పాలిష్ మేస్త్రీ చెప్పాడు. ఆ కుర్చీలో నాగరత్నం ఏనాడూ కూర్చోలేదు. ఆయనకు వడ్డించి, ఆయన లేచాక వంటింట్లో పీటమీద కూర్చుని తినేది.

"రేపు మేస్త్రీ వస్తాడుగా. మీకెందుకింత తొందర?"

"వాడు పాడుచేస్తాడు" అంటాడాయన తలెత్తకుండా.

తలెత్తకపోవడాన్ని ఆమె గమనిస్తుంది. తను అక్కగారింటికి వెళ్ళిన వేసవిలో భోజనం సంగతేమిటని అడిగితే హోటల్ క్యారేజీ అంటాడు, ఒక్కరికేనా అంటే ఒక్కరికే అంటాడు, చెయ్యి మాత్రం వేగం పెంచుతుంది. మీ ఆఫీసు సుగుణ పరామర్శకొచ్చి, గ్లాసులెక్కడని ఎవరినీ అడక్కుండా తీసుకుని నీళ్ళు తాగిందే, అంటుంది.

"మన గ్లాసులు కిటికీలో బోర్లించి ఉంటాయి రత్నం. వీధిలో పోయే సోడా బండివాడికీ తెలుసు."

జవాబు తప్పించుకోవాలంటే ఆయన ఇలాగే నవ్వించేవాడు. ఆమె నవ్వదు.

"ఈ గ్లాసు ఎవరిది?"

"నీదే. రోజూ పెట్టేవాణ్ణి. నువ్వు వచ్చి కూర్చుంటావని."

ఆ గ్లాసు ఆమెకు గుర్తే. ఆయన కంచం తీసేటప్పుడు అదీ తీసి, తాగకుండా వదిలేశాడని సణుగుతూ నీళ్ళు కరివేపాకు మొక్కకు పోసేది. ఆయన గ్లాసుకు సూటిగా అవతలే ఉండేది కాబట్టి రెండూ ఆయనవే అనుకుంది. ఇన్నేళ్ళు తిట్టించుకున్నవాడు ఒక్కసారైనా చెప్పడా?

"బాగానే అల్లారు. అప్పుడు చెప్పలేదేం?"

"పిలిస్తే మీ నాయనమ్మ అట్లకాడతో కొట్టిన వేళ్ళు చూపిస్తావు. ఎవరిముందూ తిననంటావు." ఆయన ఇప్పుడు తలెత్తి ఆమె ఎడమచేతి వంక చూస్తాడు. "అందుకే అటు పెట్టాను."

ఎటు అని అడగబోతుంది. ఆయన రుద్దిన చోట చెక్క పలచబడి, కింద నీళ్ళు కనిపించి, రైలు కూత పెట్టి వంటింట్లోకి వచ్చి ఆగుతుంది.

నాగరత్నం లేచేసరికి కుక్కరు ఈల వేస్తోంది. ఆయన కుర్చీలోనే, బల్లమీద తలవాల్చి నిద్రపోయింది. స్టవ్ ఆపి వచ్చింది. ఆయన మరక కుర్చీకి ఎడమవైపు ఉంది. అందరికీ అక్కడే ఉంటుంది, కుడిచేత్తో తింటూ ఎడమచేత్తో గ్లాసు ఎత్తుతారు. సుగుణైనా అంతే.

బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ఎదుటి కుర్చీలో మొదటిసారి కూర్చుంది. ఎడమచెయ్యి, ఎవరూ చూడకుండా ఇన్నేళ్ళూ అన్నం కలుపుకున్న చెయ్యి, కంచం ఉండాల్సిన చోట పెట్టింది. గ్లాసు కోసం రెండో చెయ్యి చాపింది.

కుడిచేతి వేళ్ళు మరకమీద ఆగాయి.