బొప్పాయి పాల గుట్టు

సరుకు మంచిదైనంత మాత్రాన అమ్ముడుపోదు. ఈ మాట చెప్తే నా కూతురు ఉషారాణి నవ్వేది. తను పెనుకొండ దగ్గర ఒక పరిశోధన కేంద్రంలో పని చేస్తుంది. రంగు వేసే ముందు పట్టునూలుకు ఉండే బంకను సోడా వేసి ఉడికించకుండా, గోరువెచ్చని నీళ్ళలో పచ్చి బొప్పాయి కాయ పాలతో తీయొచ్చని కనిపెట్టింది. పోగు తెగదు, మెరుపు పోదు. దాని మీద రాసిన వ్యాసం ఇంగ్లీషు పత్రికలో అచ్చయింది. అచ్చయి అక్కడే పడి ఉండింది.

"ఎవురన్నా చదివినారామ్మా?"

"చదివితే చాలదు నాయనా. ఎవురన్నా వాడుతాండారని చూపించల్ల. లేకుంటే ఈ వేసవితో ప్రాజెక్టు సరి, నా ఉద్యోగమూ సరి."

నాకు కుదురు పోయింది. హిందూపురంలో పట్టునూలు కొని ధర్మవరంలో అమ్మేవాణ్ణి. నాకు తెలిసిన బేరం ఒకటే. ఊరందరికీ చాటిన మాటను ఎవరూ పట్టించుకోరు, చెవిలో చెప్పిన మాటకు ఎగబడతారు. అక్కడ నూలుకు రంగులద్దే దేవప్ప షెడ్డుకు పోయి, తలుపు దగ్గరికేసి గుట్టు విప్పాను.

"నీకొక్కనికే చెప్తాండా. బయటికి పొక్కితే నీ గిరాకీ పోతాది."

తర్వాత అదే వీధిలో రమేష్‌కు అదే మాట. ఆ వెనక మిగిలినవాళ్ళకు. అందరిచేతా ఒట్టు కూడా వేయించుకున్నాను.

పాచిక పారింది. ఎండలు ముదిరేలోగా ఏ షెడ్డు వెనక చూసినా గాట్లు పడ్డ పచ్చి బొప్పాయి కాయలే. ఎవరికి వారు గోనెపట్ట కప్పి దాచుకున్నారు.

అప్పుడు విశ్వవిద్యాలయం నుంచి హేమలత మేడమ్ ఆ ప్రాజెక్టు పరిశీలనకు వచ్చారు. నేనూ ఉషారాణీ ఆమెను ధర్మవరం తీసుకుపోయాం.

"ఈ బొప్పాయి పద్ధతి మీకు ఎలా తెలిసింది?" అని ఆమె దేవప్పను అడిగారు.

"ఏం పద్ధతి మేడమ్? మాది సోడానే. తాతల కాలం నుంచీ."

"మరి ఆ కాయలు?"

"కూరకు."

"ఇంత కూరా అన్నా?" అంది ఉషారాణి.

"మా ఇంట్లో తినేవాళ్ళు ఎక్కువమ్మా."

రమేష్ షెడ్డులోనూ కూరే. ఆ పక్కవాళ్ళు తలుపే తీయలేదు. మేడమ్ పెన్ను మూసేశారు.

"ఎవరూ వాడడం లేదనే రాయాల్సి వస్తుంది, ఉషారాణీ."

నా కూతురు తల వంచుకుంది. నోరు విప్పితే ఈ వీధిలో నా వ్యాపారం పోతుంది, విప్పకపోతే దాని పని పోతుంది. ఎటు తిప్పినా నష్టమే. నేను పూడ్చుకోగలిగింది నా నష్టమొక్కటే. వీధి మధ్య నిలబడి అరిచాను.

"దేవప్పా! రమేషూ! బయటికి రాండప్పా! ఆ గుట్టు ఈ వీధిలో అందరికీ చెప్పింది నేనే. కనిపెట్టింది నా కూతురు. ఇంగ ఎవురి దగ్గర దాచల్ల?"

వచ్చారు. ముందు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నీది కూర గాదా దేవప్పన్నా?" అన్నాడు రమేష్.

"నీదేమన్నా పులుసా?"

తర్వాత దేవప్ప నా మీదికి తిరిగాడు. "నీకొక్కనికే అంటివి గదప్పా రంగప్పా!"

"అంటిని."

"ఇంగ నీ నూలు మా గడప తొక్కగూడదు."

"తొక్కదులే. మేడమ్ అడిగినదానికి జవాబు చెప్పు."

కోపం తగ్గకుండానే అతను ఆమె వైపు తిరిగాడు. "మొదట చేసింది మా షెడ్డులోనే మేడమ్. అది రాసుకోండి."

"నువ్వా మొదట?" అని రమేష్ అడ్డం వచ్చాడు.

మేడమ్ పెన్ను తెరిచారు. ఉషారాణి ఇద్దరి మధ్యా నిలబడి వాడేవాళ్ళ పేర్లు చెప్పిస్తోంది. అమ్ముడుపోని నూలు సంచి భుజాన వేసుకుని నేను బస్టాండు దారి పట్టాను.