రంగు కింద దూలం

నేను ఒక ఉక్కు దూలాన్ని. సముద్రం అవతల కొలిమిలో పుట్టి, ఓడెక్కి వచ్చి, ఒక రైల్వే గూడ్సు షెడ్డును నలభై ఏళ్లు మోశాను. అది కూల్చాక వేలంలో కొని పలాసలో ఒక జీడిపిక్కల కార్ఖానా కప్పుకు ఎత్తారు. నన్ను తయారుచేసిన కంపెనీ మూతపడింది. నా కొలత దూలాలు ఇప్పుడెవరూ చేయరు. నా వాళ్లంటూ ఎవరూ లేరు.

నా కింద అరవైమంది ఆడవాళ్లు పిక్కలు కొట్టేవారు. వాళ్ల కబుర్లే నాకు తోడు. ఏటా ఆయుధపూజకు మేస్త్రీ తవిటయ్య పాత రంగు గీకకుండానే కొత్తది పూసి, పసుపు కుంకుమలు పెట్టేవాడు. అందరూ మొక్కేవారు. ఎంత మోయగలవని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఆమధ్య యజమాని ధర్మారావు నా మీద మేడ లేపి యంత్రాలు పెడతానన్నాడు. ఇంజనీరు జ్యోతిర్మయి నిచ్చెనెక్కి నా ఎత్తు, అంచు మందం కొలిచింది. ఇప్పటి పట్టికల్లో వాటికి దగ్గరగా ఉన్న దూలాన్ని చూసి, "మోస్తుంది సార్" అంది. మోయలేనని నాకు తెలుసు. నోరు లేదే, ఏం చెప్పను?

ఆమె దిగబోతుంటే తవిటయ్య తల గోక్కున్నాడు. "అమ్మా, మీరు కొలిసింది ఇనుము కాదు, నా రంగు. ముప్పై దసరాల పూతలున్నాయి."

"అడ్డుపుల్ల వెయ్యకురా," అని ధర్మారావు కసిరాడు.

"నా ఇంటిది దీని కిందే కూకుంటాది బావూ. నేనెలా ఊరుకుంటాను?" అని అతను ఉలి అందుకున్నాడు.

పెచ్చులు రాలాయి. నా ఒంటి మీద అచ్చుపోసిన అక్షరాలు బయటపడ్డాయి. నాలుగు మిల్లీమీటర్లు రంగే! జ్యోతిర్మయి ఆ అక్షరాలు రాసుకుంది. వారం తిరక్కుండా ఎక్కడో పాత పట్టికల పుస్తకం సంపాదించి తెచ్చింది. అందులో నా పేరు, బరువు, నా బలం లెక్క అన్నీ ఉన్నాయి. "ఇదిగో, దొరికావు," అంటూ నన్ను నిమిరింది. తొంభై ఏళ్లకు నేనెవరో ఒకరికి తెలిసింది. ఏడుపొచ్చినంత పనైంది.

ఆ వెంటనే లెక్క కట్టి చెప్పింది: "మేడ వద్దు సార్, కూలుతుంది."

ధర్మారావు ఊరి బయట కొత్త కార్ఖానా కట్టుకున్నాడు. ఆడవాళ్లంతా పీటలు సర్దుకుని వెళ్లిపోయారు. షెడ్డుకు తాళం పడింది.

ఎక్కడో కొత్త కప్పు కింద వాళ్ల కబుర్లు సాగుతూనే ఉంటాయి. నాకు వినపడవు. బతికున్నారు, అంతే చాలనుకుంటాను. అలా అనుకోవడం మాత్రం రోజురోజుకీ కష్టమవుతోంది.