ఐదు నుంచి ఆరు దాకా

మా ఆయన భోజనం ముందు ప్రార్థన మొదలుపెడితే, కూర మీంచి లేచిన ఆవిరి పైకప్పు దాకా పోయి, అక్కడ కాసేపు ఆలోచించుకుని, చల్లబడి, చుక్కలు చుక్కలుగా మళ్ళీ గిన్నెలోనే పడేది. నేను కళ్ళారా చూశాను. ఉన్న దేశాలన్నిటినీ, వాటిని ఏలేవాళ్ళనీ, సముద్రంలో ఓడలు నడిపేవాళ్ళనీ ఒక్కొక్కరినే తలుచుకుని, చివర్లో "ఈ వంట చేసిన చేతుల్ని దీవించు ప్రభువా" అనేవాడు. ఆ చేతులు అప్పటిదాకా గరిటె పట్టుకుని పక్కనే నిలబడి ఉండేవి. ఆమెన్ అనగానే కళ్ళు తెరిచి, "ఏమే, చల్లారిపోయింది, వేడి చేసి పట్రా" అనేవాడు. దీవెనా పనీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నా చేతుల మీదే పడేవి.

నేను కోతలు కోస్తానని అందరికీ తెలుసు. కొత్తవాళ్ళకి నన్ను పరిచయం చేసేటప్పుడే మా ఆయన చెప్పేస్తాడు, "దీని మాటల్లో సగం తీసేయండి. మిగిలిన సగాన్ని మళ్ళీ సగం చేయండి. అప్పటికీ నమ్మకండి" అని. వాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. నిజానికి నాకు అబద్ధం చేతకాదు. ఉన్నదాన్నే కాస్త సాగదీస్తాను. ఉతికిన దుప్పటిని చెరో వైపు పట్టుకుని లాగితేనే కదా మడత కుదిరేది, అట్లాగన్నమాట.

దుప్పట్ల సంగతి నన్నడగాలి. ఆసుపత్రి లాండ్రీలో మడతబల్ల దగ్గర నా పని. నేను ఇప్పటిదాకా మడతపెట్టినవి వరసగా పరిస్తే చంద్రుడి దాకా వెళ్తాయి, తిరుగుదారికి దిండు గలీబులు మిగులుతాయి. మా సూపర్‌వైజరు "నోరు ఆడుతోందంటే చెయ్యి ఆగినట్టే" అని నా వెనకే తిరుగుతాడు. నా నోరు ఆగిపోయిన రోజు చూస్తే ఆయనకే భయం వేస్తుంది. అక్కడికి వెళ్ళేలోపు ఇంట్లో ఇంకో ఉద్యోగం. స్నానాలకి నీళ్ళు కాచాలి, టీ పెట్టాలి, రెండు డబ్బాలు సర్దాలి, అత్తయ్య మోకాళ్ళకి నూనె రాయాలి, మా ఆయన చొక్కా ఇస్త్రీ చేయాలి. సాయంత్రం తిరిగొచ్చేసరికి తొట్లో గిన్నెలు నన్ను చూసి, అమ్మయ్య వచ్చింది అని ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయేవి.

ఇంత హడావుడిలోనూ నాకో కోరిక ఉండేది. నగలూ కాదు, చీరలూ కాదు. దేవుడి దగ్గర కాసేపు తీరిగ్గా కూర్చోవాలని. ఆదివారం చర్చిలో కూర్చున్నా మనసు పొయ్యి మీదే ఉండేది. ఒకసారి మా ఆయనతో అన్నాను కూడా.

"నీకెందుకే? ఇంటి తరఫున నేను చేస్తున్నాగా" అన్నాడు.

"మీరు చేస్తే మీ కడుపు నిండుతుంది, నాకెట్లా నిండుతుందండీ?"

"ఇదిగో, మళ్ళీ మొదలుపెట్టింది" అని నవ్వి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

మా ఆయన చర్చిలో సంఘపెద్ద. బతుకుతెరువుకి గడియారాలు బాగుచేస్తాడు. ఎవరి టైము తప్పినా ఆయనే సరిచేస్తాడు గానీ ఆయన్ని లేపే గడియారం మాత్రం ఇంకా తయారు కాలేదు. ఓసారి నేను మూడు అలారాలు ఒకేసారి పెట్టాను. మూడూ మోగి మోగి, గొంతు పోయి, ఆయన పక్కనే పడుకుని నిద్రపోయాయి.

అట్లాంటి మనిషి గొలుసు ప్రార్థనలో ఐదు నుంచి ఆరు దాకా పేరు రాసుకున్నాడు. గొలుసు ప్రార్థన అంటే, రోజుకున్న ఇరవై నాలుగు గంటల్లో ఇంటికో గంట. మన గంట అయిపోగానే తర్వాతి ఇంటికి ఫోను చేసి "అందుకోండి" అనాలి. వాళ్ళు "అందుకున్నాం" అనాలి. అట్లా ఎక్కడా తెగకూడదు. చర్చి గోడకి ఒక పెద్ద అట్ట తగిలించారు. దాని మీద గళ్ళు, గడికో ఇంటి యజమాని తన చేత్తోనే పేరు రాయాలి. తెల్లవారుజాము ఐదింటి గడి దగ్గరికి వచ్చేసరికి అందరూ చెప్పుల వైపు చూసుకుంటుంటే మా ఆయన లేచి, "నేను రాస్తాను" అన్నాడు. అందరూ ఆయన వైపు ఎట్లా చూశారంటే, వెనక వరసలో ఉన్న నాకే వెలుగు తగిలింది.

మర్నాడు ఐదింటికి ఫోను మోగింది. నాలుగు నుంచి ఐదు బస్సు డ్రైవరుది. తన గంట ముగించుకుని మొదటి బస్సు తీయడానికి వెళ్తాడు. నేను మా ఆయన్ని కుదిపాను.

"అందుకున్నాం అని చెప్పెయ్, లేస్తున్నా" అని అటు తిరిగాడు.

ఫోను తీసి "అందుకున్నాం" అన్నాను. మాటైతే ఇచ్చేశాను, పేరు రాసుకున్నాయన లేవడే. అక్కడ దేవుడు చెవి ఒగ్గి కూర్చుని ఉంటాడు, మా ఇంట్లోంచి గురక తప్ప ఏమీ వినబడదు. అందుకని ఉల్లిపాయలు తరుగుతూ, "ప్రభువా, ఆయన వచ్చేదాకా నేను ఉంటాను. షాపాయన టీకి వెళ్తే పక్క షాపువాళ్ళు చూసుకోరూ, అట్లా అనుకో" అన్నాను. షాపాయన రాలేదు. తర్వాతి గంట పాస్టరుగారిది, ఆరింటికి వాళ్ళింటికి నేనే ఫోను చేశాను. పాస్టరమ్మ ఎత్తి, ఒక్క క్షణం ఆగి, "అందుకున్నామమ్మా" అంది. అంతే, ఇంకేమీ అడగలేదు.

మర్నాడూ, ఆ మర్నాడూ అంతే. మొదట్లో నా ప్రార్థన సరుకుల చీటీలా ఉండేది. చేతులు పని చేసుకుంటూ పోయేవి, నోరు జాబితా చదివేది. ఒకరోజు సరిగ్గా ఐదూ పదికి గ్యాసు అయిపోయింది. కొట్టు తీసేది ఏడింటికి. నీళ్ళు కాగవు, టీ కాదు, కూర ఉడకదు. ఏం చేయాలో తెలియక బట్టలుతికే చోట బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాను. పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో పని లేకుండా కూర్చోవడం అదే మొదలు. కాళ్ళు కూడా నమ్మలేదు, రెండుసార్లు వాటంతటవే లేవబోయాయి. చెప్పడానికి మాటలు కూడా అయిపోయాయి. బస్సు కోసం ఎదురుచూసే ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకోకుండా ఒకే బల్ల మీద కూర్చున్నట్టు, నేనూ దేవుడూ అట్లా కూర్చున్నాం. ఆయన ఏమీ అడగలేదు. నీళ్ళు కాగాయా అనలేదు, చొక్కా ఏదీ అనలేదు. నేను కూర్చున్నందుకే ఆయనకి సంతోషమైనట్టు అనిపించింది. ఇందులో సాగదీసింది ఒక్క అంగుళం కూడా లేదు. ఆరు కొట్టేసరికి నా పైట తడిసి ఉంది, మనసు మాత్రం అప్పుడే ఆరేసిన బట్టలా తేలిగ్గా ఉంది.

కొత్త సిలిండరు వచ్చాక కూడా ఐదు నుంచి ఆరు దాకా పొయ్యి వెలిగించలేదు. పనులన్నీ ఆరింటికి జరిగాయి. మొదటి వారం ఇల్లు కాస్త మూలిగింది.

"నీళ్ళింకా కాగలేదా? ప్రార్థనంట, ఎగ్గొట్టడానికి మంచి సాకు దొరికింది" అంది అత్తయ్య గోడ అవతల నుంచి.

"మీ అబ్బాయి మాటిచ్చిన గంట అత్తయ్యా. మీ అబ్బాయి పరువు" అన్నాను.

అబ్బాయి పరువు అనేసరికి గోడ అటు తిరిగి పడుకుంది. ఇంకో నెల తర్వాత అదే గోడ, "నా మోకాలి సంగతి ఎత్తావా ఇవాళ?" అని అడిగింది. ఎత్తాను అన్నాను. "ఎడమది కూడా చెప్పు, కుడిదే చెప్పి ఊరుకునేవు" అంది.

లాండ్రీలో కూడా మార్పు వచ్చింది. పొద్దున కూర్చున్న ఆ గంట నాతోపాటే మడతబల్ల దాకా వచ్చేది. దుప్పటి చేతిలోకి రాగానే, దీని మీద ఎవరు పడుకున్నారో, ఎంత నొప్పి పడ్డారో అనుకుని, నాలుగు మూలలూ కలిపేలోపు వాళ్ళకోసం ఒక మాట చెప్పేదాన్ని. పైకి కాదు, లోపలే. ఆ రోజుల్లోనే సూపర్‌వైజరు వచ్చి, "ఏంటి, ఒంట్లో బాగాలేదా, నోరు ఆడట్లేదు?" అని అడిగాడు. చెప్పానుగా, భయపడతాడని.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక ఆదివారం పాస్టరుగారు మా ఆయన్ని ముందుకి పిలిచి, ఒక్కరోజు కూడా ఐదింటి గొలుసు తెగనివ్వలేదని అందరిచేతా చప్పట్లు కొట్టించారు. నేనూ కొట్టాను. ఎవరివో చప్పట్లు అనుకునేదాన్నే, అరచేతులు మండాయి కాబట్టి నావేనని తెలిసింది. ఇంటికొచ్చాక మా ఆయన అన్నాడు, "ఇంక చాల్లే. వచ్చే వారం నుంచి సాయంత్రం ఏడింటిది తీసుకుంటా. ఐదింటిది కొత్తగా చేరిన ఆ రొట్టెల దుకాణం ఆయనకిచ్చేద్దాం. వాళ్ళెట్లాగూ లేచే ఉంటారు."

మెట్టుందనుకుని కాలేస్తే లేనట్టైంది నాకు. "ఏమండీ, ఆ గంట నాకు ఉంచండి" అన్నాను.

"నీకు విడిగా గంటెందుకే? ఫోను రాకపోయినా చేసుకోవచ్చుగా, దేవుడు వద్దంటాడా?"

దేవుడు అనడు. కానీ మా ఇంటి ఆకలి నాకు తెలుసు. ఆ ఫోను ఉండబట్టి, ఆయన పరువు అడ్డం ఉండబట్టి ఆ గంట మిగిలింది. ఫోను ఆగిన మర్నాడే నీళ్ళు ఐదింటికే కాగాలి, చొక్కా ఐదుంపావుకే కావాలి. వారం తిరక్కుండా ఇల్లు ఆ గంటని చప్పరించి మింగేస్తుంది, గింజ కూడా మిగలదు.

"పైగా అట్ట మీద పేరుండాలి. నీకు రాయడం రాదు" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. గడియారం చక్రంలో విరిగిన పన్ను గురించి చెప్పినట్టు చెప్పాడు.

తర్వాతి ఆదివారం చర్చిలో, దేవుడు తమకేం చేశాడో ఒక్కొక్కరూ లేచి సాక్ష్యాలు చెప్పుకునే వేళ, నేనూ లేచి నిలబడ్డాను.

"ఐదింటి గంట రొట్టెల దుకాణం వాళ్ళకి ఇవ్వకండి" అన్నాను. "అది నాది. ఎనిమిది నెలల నుంచీ నేనే కూర్చుంటున్నాను. మా ఆయన ఒక్కరోజూ లేవలేదు."

చర్చి మొత్తం పకపకా నవ్వింది. ముందు వరసలోంచి ఎవరో "సగం తీసేయండి" అన్నారు. ఇంకెవరో "మిగిలినదాన్నీ సగం చేయండి" అన్నారు. ఇన్నేళ్ళూ నేను సాగదీసినవన్నీ వచ్చి ఆరోజు నా నోటికే అడ్డం పడ్డాయి. జీవితంలో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చెప్తే, ఇదే నేను కోసిన కోతలన్నిటిలోకీ పెద్దదని అనుకున్నారు. కూర్చుందామనే అనుకున్నాను.

కిటికీ పక్కనుంచి బస్సు డ్రైవరు లేచాడు. మాటలు తక్కువ మనిషి. "రోజూ ఫోను చేసేది నేనే కదండీ" అన్నాడు. "అందుకున్నాం అనే గొంతు ఈ అక్కదే. వెనక గురక మాత్రం పెద్దాయనది. నేను నా బండి ఇంజనేమో అనుకుని రెండుసార్లు ఫోను చెవి నుంచి తీసి చూసుకున్నాను కూడా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ మా ఆయన వైపు తిరిగారు. ఆయన చేతి గడియారం విప్పి, కీ తిప్పడం మొదలుపెట్టాడు. అప్పుడు పాస్టరమ్మ లేచింది.

"ఆరింటికి నాకు ఫోను చేసేది కూడా తనే. నేను ఎవరికీ చెప్పలేదు" అంది. తర్వాత అట్ట వైపు చూసి, నెమ్మదిగా, "ఎట్లా చెప్పను? ఆ ఆరింటి గడిలో అయ్యగారి పేరుంది. ఎత్తేది నేను" అంది.

పాస్టరుగారు బైబిలు తెరిచి మళ్ళీ మూశారు. ఆడవాళ్ళ వైపు వరసల్లో ఎవరెవరో తలలెత్తి అట్ట మీద తమ ఇళ్ళ గళ్ళు వెతుక్కుంటున్నారు. ఒకరి మోచెయ్యి ఇంకొకరికి తగులుతోంది. మా ఆయన గడియారానికి కీ ఇవ్వడం ఆపాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఈ మాటలో తీసేయాల్సిందేమీ లేదండీ" అన్నాడు. చిన్నగానే అన్నాడు గానీ అందరికీ వినబడింది.

పాస్టరమ్మ నన్ను అట్ట దగ్గరికి తీసుకెళ్ళి పెన్ను చేతిలో పెట్టింది. "నాకు రాయడం రాదమ్మా" అన్నాను. "నీకు వచ్చిందే వెయ్యి" అంది. ఐదింటి గడిలో మా ఆయన పేరు కొట్టేసి, పక్కన మిగిలిన ఖాళీలో ఒక చదరం గీశాను, దానికి రెండు అడ్డగీతలు, ఒక మూల కొంచెం తిప్పి. మడతపెట్టిన దుప్పటి. మూల కాస్త వంకర పోయింది, బల్ల మీదైతే విప్పి మళ్ళీ పెట్టేదాన్ని. పాస్టరమ్మ నా చేతిలోంచి పెన్ను తీసుకుని, దాని కింద గడిలో భర్త పేరు పక్కన తన పేరు రాసుకుంది.

ఆ రాత్రి భోజనం దగ్గర మా ఆయన ప్రార్థన ఎంత చిన్నదంటే, కూర నోట్లో పెట్టుకుని నాలుక కాల్చుకున్నాడు.

మర్నాడు తెల్లవారుజామున ఫోను మోగింది. నేను చెయ్యి చాపేలోపే అటువైపు నుంచి ఒక చెయ్యి లేచి దాన్ని అందుకుంది. మా ఆయన కళ్ళు తెరవకుండానే ఎవరో విని, ఫోను నా వైపు చాపాడు.

"నీకే" అన్నాడు.

ఇరవై రెండేళ్ళ కాపురంలో మా ఇంట్లో నాకోసం మోగిన మొదటి ఫోను అది. దేవుడికి స్తోత్రం చెప్పుకుని, చెవి దగ్గర పెట్టుకుని, "అందుకున్నాను" అన్నాను.