చివరి గడిలో ఒక అక్షరం

మెట్లు ఎక్కుతూనే ఉన్నాను, పై అంతస్తులో ప్రెస్సు ఉండాలి కానీ మెట్లు కాసేపటికి బస్సు సీట్ల మధ్య దారిగా మారతాయి, ఆ దారి కాస్తా కామిక్కుల్లో బొమ్మల గళ్ళ మధ్య వదిలే తెల్లటి సందు అవుతుంది, ఆ సందులో ముక్కాలి పీట వేసుకుని ఏసోబన్న కూర్చుని ఉంటాడు. అతను పోయి నాలుగేళ్ళయిందని నాకు తెలుసు, అయినా ఆ సంగతి ఎత్తడం మర్యాద కాదనిపించి ఊరుకుంటాను. మనిషి కాస్త ఒళ్ళు చేశాడు. ఒడి నిండా రబ్బరు పొట్టు.

"ముందుమాట ఎందాకా వచ్చిందిరా మస్తానూ?" అంటాడు.

ఒక్క ముక్క రాలేదు. మేమిద్దరం కలిసి చేసిన 'పిడుగు దళం' కామిక్కును అతని భార్య సలోమి వదిన మళ్ళీ పుస్తకంగా వేయిస్తోంది, అందరూ గుర్తుపెట్టుకున్న ఏడో సంచిక మంచిచెడ్డల మీద నాలుగు పేజీలు రాయమని నన్ను అడిగింది. కథా బొమ్మలూ ఏసోబన్నవి, మాటల బుడగల్లో అక్షరాలు రాసే పని నాది, కాబట్టి నాకంటే తెలిసినవాడెవడని ఆమె ఉద్దేశం. ఆ తెలియడమే నా ప్రాణం మీదికి వచ్చింది.

ముందు మంచి చెప్పమంటాడు. దళంలోని అయిదుగురు వీరులూ సిటీబస్సులో వేలాడుతూ ఎవరు ముందు దూకాలని పోట్లాడుకునే పేజీ గురించి చెబుతాను, ఒక్కరూ తమ శక్తి చూపించకుండానే అయిదుగురి గుణాలూ తెలిసిపోతాయని, మరో పేజీలో కరెంటు కమల వేలు తగలగానే వీధి దీపాలన్నీ సిగ్గుపడ్డట్టు ఆరిపోయే బొమ్మ నాకిప్పటికీ ఇష్టమని చెబుతాను. అతను గడ్డం గోక్కుంటాడు, పొగిడితే అతనికి ఎప్పుడూ అక్కడే దురద. ఇక చెడ్డ. కొట్లాటను ఆరు పేజీలు సాగదీశావని, ఏ కాలు ఎవరిదో తెలియదని, పదకొండో పేజీలో రాయి వీరయ్య చేతికి ఆరు వేళ్ళున్నాయని అంటాను. బండరాయి చేతికి వేళ్ళ లెక్కేమిటని అతను విసుక్కుంటాడు, విసుక్కుంటూనే ఆ వేళ్ళు లెక్కపెట్టుకుంటాడు.

"ఇంకోటి దాచావు" అంటాడు.

సందు అక్కడితో ఆగిపోతుంది. ఎదురుగా ఆ సంచికలోని చివరి గడి గోడంత పెద్దదై నిలబడి ఉంటుంది. ఆకాశంలో కలిసిపోయిన మబ్బుమనిషి కోసం మిగతా నలుగురూ తలెత్తి చూస్తున్నారు, నలుగురి కళ్ళలోనూ నీళ్ళు, కమల నోటి దగ్గర నేను రాసిన బుడగ. అందులో 'వాడు వచ్చాడు' అని ఉండాలి. నేను 'వాడు చచ్చాడు' అని రాశాను. సంతోషంతో వచ్చిన కన్నీళ్ళు ఏడుపయ్యాయి, సంచిక అలాగే అచ్చయింది, మబ్బుమనిషి ఇక ఏ సంచికలోనూ కనబడలేదు. ఏసోబన్న అందరికంటే ముద్దుగా గీసుకున్న మనిషిని ఒక్క అక్షరంతో చంపేసి, అతను ప్రెస్సువాళ్ళను అనుమానిస్తున్నాడేమోనని లోలోపల ఆశపడుతూ, ఇరవై రెండేళ్ళు నోరు మెదపలేదు. కొత్త పుస్తకంలో చడీచప్పుడు కాకుండా దిద్దేద్దామని కూడా అనుకున్నాను.

"అన్నా, ఆ 'చ' నాది" అంటాను.

అతను ఒడి దులుపుకుంటాడు. రబ్బరు పొట్టు కింద పడకుండా మా ఇద్దరి మధ్య తేలుతూ ఉంటుంది.

"ప్రూఫులో చూశానురా. పెన్సిలుతో దాని చుట్టూ సున్నా చుట్టా గూడా. మళ్ళా ఒకసారి చదివితే ఒళ్ళు జలదరించింది. వాడు వచ్చేస్తే ఏముంది, మామూలు సంచికే. రబ్బరు తీసుకుని సున్నా చెరిపేశా."

"మరి నాతో ఒక్క మాట అనలేదే?"

"అందామనే అనుకున్నా. ఈలోపు ఉత్తరాలు వచ్చినయ్, ఏం ముగింపయ్యా అని అందరూ నన్నే మెచ్చుకుంటా. అది నాది కాదని చెప్పటానికి నోరు రాలా."

తల దించుకుంటాడు. నాకు కోపం రావాలి, ఇరవై రెండేళ్ళు తక్కువ కాలమేమీ కాదు, కానీ కోపం ఎంత వెతికినా దొరకదు; అతనూ నాలాగే నోరు కుట్టుకుని తిరిగాడన్న మాట ఒక్కటే ఎంతో హాయిగా ఉంటుంది. ఇన్నాళ్ళూ నా గుండెల మీద కూర్చున్న రాయి వీరయ్య లేచి, ఆరు వేళ్ళ చెయ్యి ఊపుకుంటూ పక్క గడిలోకి వెళ్ళిపోతాడు.

"దిద్దమాక," అంటాడు ఏసోబన్న, "ఆ అక్షరం ఎవరిదో మాత్రం రాయి."

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది, కరెంటు పోయి ఒళ్ళంతా చెమట. వదిన ఇచ్చిన ఏసోబన్న పాత ప్రూఫుల కట్ట తాడు విప్పకుండా బల్ల మీద అలాగే ఉంది, వారం నుంచి దాని జోలికి వెళ్ళే ధైర్యం చేయలేదు. ఇప్పుడు విప్పి, ఏడో సంచిక ఆఖరి పేజీని కిటికీ వెలుతురులో పట్టుకున్నాను. 'చచ్చాడు'లో మొదటి అక్షరం చుట్టూ పెన్సిలుతో చుట్టిన సున్నా, రబ్బరుతో ఎంత రుద్దినా పూర్తిగా పోలేదు.